రెండో నంబర్ సిస్టమ్ మీద ఒక్కసారి నడిపి చూడండి

ఓరుగల్లులో చదువుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్తే. నేను హన్మకొండలో, నయీంనగర్ వైపు నెట్ సెంటర్ నడుపుతాను. మీలో చాలామందికి నా పేరు గుర్తుండదు గానీ షాపు గుర్తుంటుంది. హాల్ టికెట్లు, ఫీజు రసీదులు, ప్రాజెక్టు రిపోర్టుకు స్పైరల్ బైండింగ్, చివరికి మొదటి ఇంటర్వ్యూకి రెజ్యూమె, అన్నీ మా దగ్గర ప్రింట్ తీసుకున్నవాళ్లే మీరు. "అన్నా, ఒక్క పేజీల వచ్చేటట్టు చెయ్యరాదే" అని నాతో మార్జిన్లు తగ్గించుకున్న పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఇంకా దూరాన కూర్చుని మేమందరం వాడే సైట్లు, సాఫ్ట్‌వేర్లు తయారు చేస్తున్నారు. సంతోషం. ఉద్యోగం వచ్చిందని స్వీట్ బాక్సు తెచ్చిచ్చినవాళ్లనైతే ఇప్పటికీ మర్చిపోలేదు.

పాత విండోస్ సిస్టమ్‌ల మీద మీ సైట్లు, సాఫ్ట్‌వేర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతున్నాయి. కంపెనీలకు ఈ మాట రాసి చూశాను. "మీ ఫిర్యాదు అందింది" అని ఒక నంబర్ వస్తుంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. అందుకే మీకు రాస్తున్నాను.

మా షాపులో నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి, మూడు విండోస్ 10. రెండోది విండోస్ 7. నాలుగోది మూలన గుడ్డ కప్పి ఉంటుంది, విండోస్ ఎక్స్‌పీ. ఈ నాలుగోదాన్ని చూసి నవ్వని కుర్రాడు లేడు. "ఇంకా దీన్ని తూకానికి వెయ్యలేదా అన్నా?" అంటారు.

వెయ్యలేను. దాంట్లో ఇరవై ఏళ్ల శుభలేఖలున్నాయి. పేజీలు దిద్దే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, తెలుగుకు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దాన్ని తయారు చేసినవాళ్లే పక్కన పెట్టి ఇన్‌డిజైన్‌కు వెళ్లిపోయారు. ఇప్పుడు అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒకేలా చదివే అక్షరాల కోడ్ యూనికోడ్, అది దానికి తెలియదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు మనకు కనిపించేటప్పుడే తెలుగు, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లే. ఫాంట్ లేని సిస్టమ్‌లో ఆ ఫైల్ తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట చుక్కలు, కొక్కేలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడాను. వొత్తులు అటూ ఇటూ అవుతాయి. ముహూర్తం లైన్‌లో ఒక్క వొత్తు తప్పు పడితే పెళ్లివారు ఊరుకుంటారా? మొన్న ధర్మసాగర్ నుంచి ఒకాయన వచ్చాడు, చేతిలో పద్నాలుగేళ్ల కింద మేము కొట్టిన కార్డు. "పెద్దబిడ్డ పెండ్లికి గిదే కొట్టినవ్, కలిసొచ్చింది. పేర్లు మార్చి చిన్నోనికి గూడ గిదే కొట్టు." గుడ్డ తీసి, నాలుగో నంబర్ ఆన్ చేసి, ఇరవై నిమిషాల్లో చేసిచ్చాను. నా వేళ్లకు అనులో ఉండే యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ అలవాటు, చూడకుండా కొడతాను. దానికి నెట్ కేబుల్ పీకేసి చాలా ఏళ్లయింది. ఆ సిస్టమ్ గురించి నాకు మీతో పేచీ లేదు. అది కొత్తది ఏదీ అడగదు, దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

పేచీ అంతా రెండో నంబర్‌తో.

నిరుడు ఎండాకాలం. ఒక అడ్మిషన్‌కు అప్లికేషన్ పెట్టడానికి లాస్ట్ డేట్, రాత్రి పదకొండు దాటింది. గాలివాన వచ్చి కరెంట్ పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ దెబ్బకు ఒకటో నంబర్‌లో కరెంట్ అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ కాలింది, మూడోది పొద్దుటి నుంచే బూట్ అవ్వట్లేదు. గీసుగొండ వైపు నుంచి తండ్రీకూతుళ్లు టీవీఎస్ మీద తడుస్తూ వచ్చారు. ఆ పిల్ల సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో చుట్టి, చున్నీ కింద పెట్టుకుని తెచ్చింది. మిగిలింది రెండో నంబరే.

సైటు తెరిచాను. తెల్ల పేజీ. ఎర్రర్ లేదు, తిరిగే చక్రం లేదు, మీద పేరు కూడా లేదు. రిఫ్రెష్ కొట్టాను, మళ్లీ తెల్లగానే. "సర్వర్ డౌన్ ఉన్నదేమో సార్" అన్నాడు తండ్రి. మా ఊళ్లో సర్వర్ డౌన్ అంటే దేవుడి కోపం లాంటిది, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నేనూ అదే అనుకుని ఇంటికి పంపేసేవాణ్ని. స్పైరల్ బైండింగ్ కోసం కూర్చున్న ఎన్‌ఐటీ కుర్రాడొకడు లేచి వచ్చి ఎఫ్12 నొక్కాడు. పక్కన పెట్టె తెరుచుకుంది, అందులో ఒక్కటే ఎర్ర లైను: టు-సార్టెడ్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్.

వాడు నవ్వి వివరించాడు. ఒక జాబితాను వరస పెట్టడానికి, వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాషలోకి కొత్తగా వచ్చిన పని అది. క్రోమ్‌లో 110వ వెర్షన్ నుంచి ఉంది. విండోస్ 7కు క్రోమ్ చివరి వెర్షన్ ఎంత? 109. 2023 జనవరిలో వచ్చింది, ఫిబ్రవరిలో వచ్చిన 110కి విండోస్ 10 కావాలి. ఒక్క మెట్టు తేడా! ఆ పేజీలో జిల్లాల పేర్లను అక్షర క్రమంలో పెట్టడానికి ఎవరో ఆ కొత్త పద్ధతి వాడారు. పాత పద్ధతిలో జాబితాకు ఒక కాపీ తీసి సార్ట్ చేసినా అదే ఫలితం, నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చేయాలి, అంతే. ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయి మొత్తం ఫామే గీయలేదు.

ఆ కుర్రాడే ఫైర్‌ఫాక్స్ తెరిచాడు. అదే సిస్టమ్, అదే విండోస్ 7. ఫైర్‌ఫాక్స్ వాళ్లు 115వ వెర్షన్‌ను విండోస్ 7 వాళ్ల కోసం ప్రత్యేకంగా నిలబెట్టి, దాని గడువును మళ్లీ మళ్లీ పొడిగించారు. టు-సార్టెడ్ వాళ్ల దగ్గర సరిగ్గా 115లోనే వచ్చింది. ఫామ్ తెరుచుకుంది. జనగామ, వరంగల్, హన్మకొండ అన్నీ వరసగా కనిపించాయి. ఫీజు ఆ తండ్రి ఫోన్‌లోనే క్యూఆర్ స్కాన్ చేసి కట్టించాను, బ్యాంకు పనులు ఆ సిస్టమ్ మీద చెయ్యను. సబ్మిట్ అయ్యేసరికి 11:48.

ఆ రాత్రి ఎన్‌ఐటీ కుర్రాడు లేని నెట్ సెంటర్లు ఎన్నో ఉంటాయి. ములుగులో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో "సర్వర్ డౌన్" అనుకుని బండెక్కి వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. ఆ పేజీ రాసినవాడికి వీళ్ల సంగతి తెలియనే తెలియదు. వాడి లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది కదా మరి.

రెండో ముచ్చట పరకాల దగ్గరిది. మా బావమరిదికి ఎరువుల దుకాణం ఉంది. సొంత లెక్కల కోసం ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాడు, విండోస్ 7 మీద ఏళ్ల తరబడి నడిచింది. జూలైలో, పత్తికి యూరియా కోసం పొద్దున్నే దుకాణం ముందు జనం నిలబడ్డ రోజు, సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. రాత్రికి రాత్రి దానంతట అదే అప్‌డేట్ అయింది. వీడియో కాల్‌లో చూపించాడు. కెర్నెల్32 డీఎల్ఎల్‌లో ఫలానా ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్ దొరకలేదు అని. డీఎల్ఎల్ అంటే సాఫ్ట్‌వేర్లు అడిగే పనులు దాచి ఉంచే ఫైల్. ఆ ఫలానా పేరు ఇంత పొడుగు: గెట్-సిస్టమ్-టైమ్-ప్రిసైజ్-యాజ్-ఫైల్-టైమ్.

మీకు తెలిసిన సంగతే అయినా, ఈ ఉత్తరం మీ నాన్నలు కూడా చదువుతారు కాబట్టి చెబుతాను. ప్రతి సాఫ్ట్‌వేర్ లేవగానే విండోస్ చేతిలో ఒక చీటీ పెడుతుంది, కిరాణా చీటీ లాగా. ఫైల్ తెరిచే పని ఒకటి, ప్రింటర్‌కు పంపే పని ఒకటి, టైమ్ చెప్పే పని ఒకటి, ఇలా వందల సరుకులు. విండోస్ ఎలాంటి సేటు అంటే, చీటీలో ఒక్క సరుకు తన దగ్గర లేకపోయినా చీటీ మొత్తం మొహాన కొడతాడు. పప్పు ఉంది, ఉప్పు ఉంది, జీడిపప్పు లేదు కాబట్టి నీకు ఏమీ ఇవ్వను, పో! మా బావమరిది చీటీలో ఆ జీడిపప్పు ఏమిటంటే సెకనులో పదిలక్షలో వంతు దాకా సన్నగా టైమ్ చెప్పే ఫంక్షన్. విండోస్ 8తో వచ్చింది. విండోస్ 7లో ఉన్న పాత ఫంక్షన్ పదీ పదిహేను మిల్లీసెకన్ల తేడాతో చెబుతుంది. యూరియా బస్తా బిల్లుకు ఆ తేడా ఎవడిక్కావాలి?

తర్వాత మీలో ఒకరినే అడిగితే ఇంకో సంగతి తెలిసింది. ఆ ఫంక్షన్‌ను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాడు బహుశా అడిగి ఉండడట. వాడి కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌గా తయారు చేసే టూల్ అడిగింది. ప్రోగ్రాములు రాసే గో భాష 2023 ఆగస్టులో 1.21 నుంచి, రస్ట్ భాష 2024 మేలో 1.78 నుంచి విండోస్ 10కి తక్కువ ఏదీ వద్దన్నాయి. పైథాన్ ఇంకా ముందే, 3.9 నుంచి విండోస్ 7ను వదిలేసింది. మీరు ఆఫీసులో ఒక శుక్రవారం టూల్ వెర్షన్ మారుస్తారు, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, సోమవారం పరకాలలో దుకాణం ఆగుతుంది. మధ్యలో ఎవరూ తప్పు చేసినట్టు కనిపించదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పాత వెర్షన్ వేద్దామంటే ఆ కంపెనీ సైటులో కొత్తది ఒక్కటే ఉంది. ఫోన్ చేస్తే "సిస్టమ్ మార్చుకోండి సార్" అన్నారు, అంతకు మించి మాట లేదు. చివరికి నర్సంపేటలో ఇంకో దుకాణం ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లో పాత సెటప్ ఫైల్ దొరికింది. బస్సులో కండక్టర్‌కిచ్చి తెప్పించాం. సాయంత్రం దాకా బిల్లులు కార్బన్ పేపర్ పెట్టి చేత్తోనే రాశాడు.

దొరికిన ఆ పెన్‌డ్రైవ్ ఫైల్ మంచిదో కాదో నాకెలా తెలుస్తుంది చెప్పండి? ఇక్కడ కాసేపు ఆగుతాను. విండోస్ 7లో ఇంకో ప్రసిద్ధ ఎర్రర్ ఉంది, ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ-రన్‌టైమ్ అని మొదలయ్యే డీఎల్ఎల్ లేదు అని. ఆ పేరు కాగితం మీద రాసుకుని మా షాపుకి వచ్చినవాళ్లు పది మందికి తక్కువ ఉండరు. దానికి మందు చిన్నది. విండోస్ 7కు వచ్చిన పెద్ద అప్‌డేట్, సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇచ్చిన 2015 నాటి విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ వేసుకోవాలి. పది నిమిషాల పని. కానీ ఎర్రర్ డబ్బా ఆ మాట చెప్పదు, ఫైల్ పేరు మాత్రం చెబుతుంది. జనం ఏం చేస్తారు? ఆ పేరు గూగుల్‌లో కొడతారు. "డీఎల్ఎల్ ఫ్రీ డౌన్‌లోడ్" అని పచ్చ బటన్ పెట్టుకున్న సైట్లు కాచుకుని ఉంటాయి. ఒక మెడికల్ షాపు ఆయన అలాంటిది మూడు సార్లు నొక్కి, సిస్టమ్ నిండా ప్రకటనలు పట్టించుకుని, సీపీయూ భుజాన వేసుకుని వచ్చాడు. పాత విండోస్ వల్ల వైరస్ వస్తుందని మీరు మాకు క్లాసులు చెబుతారు కదా. ఆయనకు వైరస్ తెచ్చింది సగం మాట చెప్పి వదిలేసిన ఎర్రర్ డబ్బా.

మీరు అనబోయేది నాకు తెలుసు. ఒప్పుకుంటాను కూడా. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆగాయి. డబ్బు కట్టిన కంపెనీలకు విండోస్ 7 మీద ఇంకో మూడేళ్లు ఇచ్చారు, 2023 జనవరితో అదీ అయిపోయింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు నేను షాపు రెండు రోజులు నెట్ తీసేసి కూర్చున్నాను. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు మునిగారు. అందులో ఎక్కువ విండోస్ 7 సిస్టమ్‌లే. కాబట్టి జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌వర్డులు పాత సిస్టమ్ మీద పెట్టడం మంచిది కాదు, ఆ మాట నేనే కస్టమర్లకు చెబుతాను. ఆ వానరాత్రి అప్లికేషన్ నింపినప్పుడు నా నియమం నేనే తప్పాను. తప్పక తప్పాను.

విండోస్ 7ను వందేళ్లు మొయ్యమని మిమ్మల్ని అడగట్లేదు. వదిలేసేటప్పుడు మర్యాదగా చెప్పి వదిలెయ్యండి, అంతవరకే అడుగుతున్నాను. తెల్ల పేజీ పెట్టకండి. "ఈ ఫామ్ మీ బ్రౌజర్‌లో తెరుచుకోదు, ఫైర్‌ఫాక్స్‌లో చూడండి, లేదా ఫోన్‌లో తెరవండి" అని తెలుగులో రెండు లైన్లు ఎంత పని? అసలు జావాస్క్రిప్ట్ లేకుండానే కనిపించే చోట ఆ లైన్లు పెట్టొచ్చని ఎన్‌ఐటీ కుర్రాడు చెప్పాడు, స్క్రిప్ట్ సరిగ్గా లేస్తే అది చెరిపేస్తే చాలట. మీ సాఫ్ట్‌వేర్ దానంతట అది అప్‌డేట్ అయ్యేదైతే, దించుకునే ముందే కింద ఉన్న విండోస్ ఏదో చూసుకోవాలి. నడవని చోట దించి, నడుస్తున్నదాన్ని చంపడం ఏం న్యాయం? విండోస్ 7 మీద నడిచిన ఆఖరి వెర్షన్ మీ సైటులోనే, మీ సంతకంతోనే ఒక మూలన ఉంచండి. "ఇది పాతది, ఇక రిపేర్లు ఉండవు" అని పైన ఎర్రగా రాయండి, మాకేం బాధ లేదు. బస్సు కండక్టర్ చేతి పెన్‌డ్రైవ్ కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఇంకోటి. కొన్ని సైట్లు బ్రౌజర్ పేరు, నంబర్ చూసి గుమ్మంలోనే ఆపేస్తాయి. ఒక సైటు నా క్రోమ్ 109ను "చాలా పాతది" అని తిప్పి పంపింది. అదే కుర్రాడు బ్రౌజర్ తన పేరు అబద్ధం చెప్పేలా ఏదో మార్చాడు. లోపలికి వెళ్లాక మొదటి పేజీ నుంచి ప్రింట్ దాకా అంతా శుభ్రంగా పనిచేసింది. మరి ఎందుకు ఆపారు? మీకు కావాల్సిన పని ఆ బ్రౌజర్‌కు వచ్చో రాదో అడగండి, పుట్టిన తేదీ అడగకండి. డీఎల్ఎల్‌ల విషయంలోనూ ఇంతే. జీడిపప్పును చీటీలో రాసివ్వకుండా, పాయసం వండేటప్పుడు అడగొచ్చట. ఉంటే వేసుకోవడం, లేకపోతే లేకుండానే వండడం. విండోస్‌లో ఆ సౌకర్యం ఎప్పటి నుంచో ఉందని మీలోనే ఒకరు చెప్పారు.

కుదరదు అనకండి. వీఎల్‌సీ మూడో వెర్షన్ మా నాలుగో నంబర్ ఎక్స్‌పీ మీద కూడా పాట పాడుతుంది. ఫైళ్లను కుదించే సెవెన్ జిప్ అయితే దానికన్నా పాత విండోస్‌ల మీద కూడా నడుస్తుంది. రెండూ ఉచితంగా ఇచ్చేవే. సూపర్మియం అని పాత విండోస్‌ల కోసం క్రోమ్‌కు పునాది అయిన క్రోమియాన్ని మార్చి కట్టిన బ్రౌజర్ కూడా ఉంది. నా పాత పాటలకు వాడుకుంటాను గానీ, కస్టమర్ల పనికి వాడే ధైర్యం లేదు. ఎవరో ఓపిక ఉన్నవాళ్లు కట్టింది, మెచ్చుకుంటాను, అంతే.

"విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకో అన్నా" అంటారు కొందరు. వేశాను. మూడో నంబర్‌కు కొన్నాళ్లు లైనక్స్‌లోనే మింట్ అనే రకం పెట్టాను. బ్రౌజర్ కొత్తదే వస్తుంది, ప్రింటర్ పట్టింది, తెలుగు కూడా బాగా కనిపించింది. వేలిముద్ర మిషన్ దగ్గర ఆగిపోయింది. నా దగ్గరున్న మిషన్‌కు సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఇచ్చారు. వేలిముద్ర లేకపోతే నా షాపులో సగం పని లేదు, మళ్లీ విండోస్ 10 ఎక్కించాను.

ఇప్పుడు ఆ విండోస్ 10 కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. మా ఒకటో నంబర్ ఆరో తరం ఐ3, ఎస్‌ఎస్‌డీ వేశాక గుర్రంలా ఉంది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి కావాలి, భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్ కావాలి. అందుకని నేను కొత్తదనుకుని చూసుకుంటున్న సిస్టమ్ కూడా రెండో నంబర్ వరసలో చేరబోతోంది. ఇలాంటి సిస్టమ్‌లు ఇక్కడ దుకాణాల్లో, బడుల్లో, ఇళ్లలో ఎన్నున్నాయో మీ ఇంటికి వచ్చినప్పుడు మీరే చూస్తారు. మీ నాన్న టేబుల్ మీద ఉన్నది ఏ విండోసో మీకు తెలుసా?

బతుకమ్మకో, సంక్రాంతికో ఎలాగూ వస్తారు. వచ్చినప్పుడు ఒక గంట షాపు దగ్గరికి రండి. మీరు తయారు చేసిన సైటో, సాఫ్ట్‌వేరో ఏదైనా సరే, రెండో నంబర్ ముందు కూర్చుని మీ చేత్తో మీరే తెరవండి. టీ నేను చెప్తాను. కీబోర్డులో ఎంటర్ గట్టిగా నొక్కాలి, మీరున్నప్పటి నుంచీ అంతే.

ఇట్లు,
నయీంనగర్ నెట్ సెంటర్ అన్న
హన్మకొండ